సెలవులకు పల్లెకు వెళ్ళేవారికి ఒక వైద్యుని మాట

పాఠశాలలకు సెలవులు ఇచ్చిన మరునాటి నుండి మన బస్టాండులు, రైల్వే స్టేషన్లు ఏ విధంగా కిటకిటలాడుతాయో పాఠకులకు తెలియనిది కాదు. సంక్రాంతికి ఒక మారు, వేసవిలో మరొక మారు పట్టణాలు సగం ఖాళీ అవుతాయి. హైదరాబాదు నుండి గోదావరి జిల్లాలకు, బెంగుళూరు నుండి రాయలసీమకు, చెన్నై నుండి నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలకు జనం తరలిపోతారు. కొందరికి అమ్మమ్మగారి ఊరు, కొందరికి అత్తవారి ఊరు. పల్లెలో తమవారంటూ ఎవరూ మిగలనివారు అరకు, మారేడుమిల్లి, లంబసింగి, పాపికొండలు అంటూ కొండలను, అడవులను వెతుక్కుంటారు. నగర శివార్లలో తోట ఇంటిని అద్దెకు తీసుకొని రెండు రోజులు గడిపి వచ్చే అలవాటు కూడ ఇటీవల బాగా పెరిగింది.

బయలుదేరే ముందు మందుల కోసం నా వద్దకు వచ్చేవారు సాధారణంగా ఒకే మాట చెబుతారు: "నాలుగు రోజులు మంచి గాలి పీల్చుకొని వస్తామండీ, ఈ నీరసం అదే పోతుంది." తిరిగి వచ్చిన తరువాత వారిలో కొందరు మళ్ళీ కనిపిస్తారు. ఒకరికి అజీర్ణం, ఒకరికి ఒంటినిండా చెమటపొక్కులు, పిల్లలకు విరేచనాలు, పెద్దవారికి పెరిగిన చక్కెర. మంచి గాలి పీల్చిన శరీరాలకు ఈ గతి ఏల పట్టినదని విచారిస్తే కారణం తేలికగానే తెలుస్తుంది. వీరు ఊరు మారారు గాని దినచర్య మారలేదు. రాత్రి పన్నెండు దాకా సెల్‌ఫోను, ఉదయం తొమ్మిదికి నిద్ర లేవడం, పదింటికి పెసరట్టు ఉప్మా, ఒంటిగంటకు పప్పు, పులుసు, నాలుగు వేపుళ్ళతో భోజనం, అటు తరువాత సాయంత్రం దాకా నిద్ర. ఈ పని పట్టణంలోని ఇంట ఉండి కూడ చేయవచ్చు. ప్రయాణపు ఖర్చు మిగిలేది.

పల్లె పొద్దు

పల్లెటూరు మనకు ఇవ్వగలిగిన ఔషధాలలో మొదటిది వెలుతురు. కోడికూతతో లేచి, వెలుగు ఉన్నంతసేపు ఆరుబయట తిరిగి, చీకటి పడిన రెండు మూడు గంటలకే పడక చేరే జీవితానికి మన శరీరం ఎంత త్వరగా అలవాటు పడుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బ్రాహ్మీ ముహూర్తంలో నిద్ర లేవమని వాగ్భటాచార్యులు అష్టాంగ హృదయంలో దినచర్యకు ఆరంభంగా చెప్పారు. 2013లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎనిమిది మందిని ఒక వారం పాటు కొండల మధ్య గుడారాలలో ఉంచారు. విద్యుద్దీపాలు లేవు, సెల్‌ఫోన్లు లేవు. పగలు సూర్యకాంతి, రాత్రి నెగడు మాత్రమే. ఆ వారం గడిచేసరికి నిద్రకు కారణమైన మెలటోనిన్ వారి శరీరాలలో మునుపటి కన్న సుమారు రెండు గంటల ముందుగా ఊరడం మొదలైనదని వారు గుర్తించారు. మాత్రలతో నిద్రపోయే అలవాటు పడినవారికి ఈ మాట ప్రత్యేకంగా చెబుతుంటాను. అయితే వైద్యుడు వ్రాసిన మాత్రలను ఊరు మారామని ఒక్కసారిగా మానరాదు.

పిల్లల కళ్ళకు కూడ ఇదే మందు. రోజుకు రెండు గంటలైనా పగటి వెలుతురులో ఆడుకునే పిల్లలలో హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని నేటి నేత్రవైద్యులు చెబుతున్నారు. వేసవిలో ఆ రెండు గంటలను ఉదయం తొమ్మిది లోపున, సాయంత్రం ఐదు తరువాత సమకూర్చుకోవాలి.

పగటి నిద్రను గురించి ఒక మాట. పగలు నిద్రిస్తే కఫం పెరుగుతుందని, శరీరం బరువెక్కుతుందని మన శాస్త్రం నిషేధించింది. కాని గ్రీష్మ ఋతువుకు మినహాయింపు ఇచ్చింది. రాత్రులు చిన్నవి, శరీరం ఎండి ఉంటుంది, కనుక వేసవి మధ్యాహ్నం నిద్ర హితకరం. బాలురకు, వృద్ధులకు, దూరప్రయాణం చేసి అలసినవారికి చరకుడు అన్ని కాలాలలోను అనుమతించాడు. కాబట్టి మే నెలలో తాతగారి ఇంట పట్టెమంచం మీద రెండు గంటలు నిద్రించిన అల్లుడుగారిని ఎవరూ ఆక్షేపించనక్కర లేదు. అదే పని సంక్రాంతికి చేస్తే ఆక్షేపించవచ్చు.

సంక్రాంతి సెలవులు

మన పండుగలలో ఋతుచర్యకు ఇంత దగ్గరగా నడిచేది మరొకటి లేదని నా అభిప్రాయం. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది. ఇంధనం చాలకపోతే అది శరీర ధాతువులనే దహిస్తుంది కనుక ఆ ఋతువులో గురువైన, స్నిగ్ధమైన ఆహారం తీసుకోవలెనని చరకుడు చెప్పాడు. ఆ జాబితాను ఒకసారి పరికించండి: పాలు, పాల నుండి వచ్చినవి, చెరకు రసంతో తయారైనవి, నూనె, కొత్త బియ్యపు అన్నం, త్రాగడానికి వేడినీరు. ఇక మన సంక్రాంతి వంటింటిని చూడండి. కొత్త బియ్యపు పిండి, కొత్త బెల్లం, నువ్వులు, నేయి కలిస్తే అరిసె. కొత్త బియ్యం, పాలు, బెల్లం కలిస్తే పొంగలి. మిగిలిన కాలాలలో కొత్త బియ్యం జీర్ణానికి బరువు, కఫకరం అని వారించి, ఏడాది నిలువ ఉన్న పాత బియ్యాన్నే మెచ్చుకున్న శాస్త్రం, ఈ ఒక్క ఋతువులో కొత్త అన్నాన్ని పేరు పెట్టి చెప్పింది. కనుమనాడు మినుము తినాలని మన పెద్దలు అంటారు. మినుములు గురుత్వం, స్నిగ్ధత్వం కలిగి వాతాన్ని శమింపజేస్తాయి. చలికి కీళ్ళు పట్టేసే రోజులలో గారెలకు అంతకన్న మంచి సమర్థన ఏమి కావాలి?

భోగినాడు తెల్లవారుజామున నువ్వుల నూనెతో అభ్యంగనం, సున్నిపిండితో నలుగు, వేడినీటి స్నానం ఈ ఋతుచర్యలోని భాగాలే. చలికి ఎండిన చర్మానికి నూనె, నూనె జిడ్డుకు నలుగు, అటు తరువాత వేడి. ఊరికి వెళ్ళిన మూడు రోజులలో ఒక్కరోజైనా ఇంటిల్లిపాదీ ఈ విధంగా తలంటి పోసుకోవాలని నా కోరిక. జ్వరం, అజీర్ణం ఉన్నవారు మాత్రం అభ్యంగనం చేయరాదు. సున్నిపిండికి పెసలు, శెనగలు సమంగా తీసుకొని, కొద్దిగా బియ్యం, పసుపు, కచ్చూరాలు, బావంచాలు చేర్చి విసిరించుకోవచ్చు. బావంచాలు సున్నితమైన చర్మానికి మంట పుట్టించగలవు, ఎండ తగిలితే మరింతగా. కనుక పసిపిల్లలకు అవి లేని పిండి మేలు.

అయితే చరకుడు చెప్పిన బలమైన జఠరాగ్ని ఎవరిది? కోతలు కోసి, కుప్పలు నూర్చి, ధాన్యం మోసిన రైతుది. ఏడాది పొడుగునా కుర్చీలో కూర్చొని పని చేసి, రాత్రంతా బస్సులో కూర్చొని వచ్చినవారి అగ్ని ఆ కొలతకు రాదు. గోదావరి జిల్లాలలో కొత్త అల్లుడికి నూరు రకాలు, ఇంకా ఎక్కువ రకాలు వడ్డించి విస్తరిని ఫొటో తీయించడం ఒక వేడుకగా మారింది. వేడుకను వేడుకగానే చూడండి. తినేటప్పుడు వాగ్భటుని కొలత పాటించండి. బరువైన పదార్థాలను సగం తృప్తి కలిగేంత వరకే తినాలి. కడుపును నాలుగు భాగాలు చేసి రెండు భాగాలు అన్నానికి, ఒక భాగం ద్రవానికి ఇచ్చి, ఒక భాగం వాయు సంచారానికి విడిచిపెట్టాలి. అత్తగారు "ఇంకొక్క అరిసె వేసుకోండి బాబూ" అన్నప్పుడు "రాత్రికి దాచండి అత్తయ్యగారూ" అనడంలో అమర్యాద ఏమీ లేదు. మధుమేహం ఉన్నవారు పండుగ మూడు రోజులు మందు మానివేసి, నాలుగవ రోజు నుండి రెట్టింపు వేసుకుందామనే ఆలోచన పెట్టుకోవడం నేను చూశాను. అది ప్రమాదకరం. మందు వేళకు పడాలి, అరిసె ముక్కతో సరిపెట్టుకోవాలి.

తిన్నది అరగక కడుపు బరువుగా, పుల్లని త్రేన్పులతో ఉంటే ధనియాలు, శొంఠి కషాయం చాలా మంచిది. ఒక చెంచా ధనియాలు దంచి, పావు చెంచా శొంఠి పొడి చేర్చి, రెండు గ్లాసుల నీటిలో ఒక గ్లాసు మిగిలేదాకా మరిగించి, వడకట్టి గోరువెచ్చగా రెండు మారులు త్రాగాలి. ఆ పూట భోజనం మానితే కషాయం అవసరం కూడ చాలామందికి ఉండదు.

వేసవి సెలవులు

సంక్రాంతికి హితమైన ఆహారం వేసవికి అహితం. ఈ భేదాన్ని మరచి, సంవత్సరానికి ఒకసారి వచ్చే మనుమలకని మే నెల ఎండలో అరిసెలు, జంతికలు, ఆవకాయ ముద్దలు సిద్ధం చేసే అమ్మమ్మలు ఎందరో ఉన్నారు. వారి ప్రేమను కాదనలేము. గ్రీష్మంలో ఉప్పు, పులుపు, కారం తగ్గించి, తీపి గలది, తేలికైనది, చల్లనిది, ద్రవరూపమైనది తీసుకొమ్మని శాస్త్రం. ఎండలో శ్రమను, వ్యాయామాన్ని కూడ వారించింది. ద్రాక్ష, ఖర్జూరం మొదలైన ఐదు ద్రవ్యాలతో చేసిన పంచసార పానకాన్ని కొత్త మట్టిపాత్రలో ఉంచి త్రాగమని, రాత్రి వేళ చంద్రుని, నక్షత్రాల చలువ తగిలిన గేదె పాలలో పటికబెల్లం కలిపి సేవించమని వాగ్భటుడు వ్రాశాడు. పైకప్పు లేని ఆకాశం కింద పాలగిన్నె ఉంచగలిగిన అదృష్టం నేడు పల్లెలకే మిగిలింది. పాలను బాగా కాచి, పలుచని గుడ్డ వాసెన కట్టి ఉంచాలని వేరుగా చెప్పనక్కర లేదనుకుంటాను.

పానీయాలలో నేను అందరికీ చెప్పేది మామిడికాయ పానకం. భావప్రకాశంలో ఆమ్ర ప్రపానకం అనే పేరుతో ఇది కనిపిస్తుంది. భీముడు కల్పించిన పానీయమని ఆ గ్రంథం చెబుతుంది! పచ్చి మామిడికాయలను ఉడికించి, చేతితో పిసికి గుజ్జు తీసి, చల్లని నీరు, పంచదార, మిరియాల పొడి కలపాలి. మూలంలో కర్పూరం కూడ ఉన్నది గాని, పిల్లలు త్రాగే పానీయంలో కర్పూరం వేయవద్దు. అది పసివారికి విషతుల్యం కాగలదు. దాని బదులు ఏలకులు వేసుకోవచ్చు. వట్టివేళ్ళను శుభ్రంగా కడిగి, గుడ్డలో మూటకట్టి, కాచి చల్లార్చిన నీటి కుండలో వేస్తే ఆ నీరు దాహాన్ని, ఒంటి మంటను తీరుస్తుంది. సుగంధి పాలవేళ్ళ షర్బతు, సబ్జా గింజలు, రాగి అంబలి ఇవన్నీ ఇంటింటికీ తెలిసినవే.

మజ్జిగ విషయంలో ఒక సందేహం తరచుగా వస్తుంది. ఉష్ణకాలంలో తక్రం ఇవ్వరాదని సుశ్రుతుడు చెప్పిన మాట నిజం. అది పులిసిన, ఉష్ణగుణం గల తక్రాన్ని గురించి చెప్పినదని నేను భావిస్తాను. ఆ పూట తోడుకున్న తియ్యని పెరుగును చిలికి, నాలుగింతలు నీరు చేర్చి, కరివేపాకు, చిటికెడు ఉప్పు వేసిన మన నీరు మజ్జిగకు ఆ నిషేధం వర్తించదు. రాత్రి పెరుగు తినరాదన్న నియమాన్ని మాత్రం వేసవిలోను పాటించడం మేలు.

ముంజలు లేతవి తినాలి. వేలితో నొక్కగానే నీరు చిమ్మేది లేత ముంజ. గట్టిపడి కొబ్బరిలా అయినది కడుపునొప్పి తెస్తుంది. పైనున్న పలుచని పొట్టు వగరుగా ఉంటుందని పట్టణపు పిల్లలు గిల్లి పారవేస్తారు గాని, ఊరివారు పొట్టుతోనే తింటారు. మామిడిపండ్లను తినే ముందు గంటసేపు నీటిలో ఉంచడం మన ఇళ్ళలో పాత ఆచారం. తొడిమ దగ్గర కారే సొన చర్మాన్ని, పెదవులను పొక్కించే గుణం కలది. నానవేసి కడిగితే అది పోతుంది. చెట్టెక్కి కాయలు కోసే పిల్లల చేతులకు, బుగ్గలకు సొన అంటితే వెంటనే సబ్బుతో కడగాలి. చద్దన్నం, తరవాణి ఈనాడు మళ్ళీ గౌరవం పొందుతున్నాయి, సంతోషం. శుభ్రమైన కుండలో అన్నం మునిగేలా నీరు, మజ్జిగ పోసి రాత్రి ఉంచి ఉదయమే తినాలి. మధ్యాహ్నం దాకా ఎండవేడికి బయట ఉన్న అన్నం చద్దన్నం కాదు, చెడిన అన్నం.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని చాలామంది నమ్ముతారు. పెట్టుకోండి, నష్టం లేదు. దానిని నమ్మి మిట్టమధ్యాహ్నం పొలం గట్ల మీద తిరగకండి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, కండరాలు పట్టేయడం కనిపించగానే నీడకు చేర్చి, ఉప్పు, పంచదార కలిపిన నీరు కొద్దికొద్దిగా త్రాగించాలి. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటికి తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సరియైన పాలు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని. మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు సంచిలో వేసుకొని వెళితే ఈ కొలతల శ్రమ ఉండదు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా అది ప్రాణాపాయం. ఒంటి మీద చల్లని నీరు పోస్తూ, విసురుతూ వెంటనే 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట ఏ పానకమూ పోయరాదు.

నీటి దగ్గర

త్రాగే నీటిని గురించి పట్టణవాసులు ఇప్పుడు జాగ్రత్తగానే ఉంటున్నారు. నీటి సీసాలు కొనుక్కుంటున్నారు. ఇండుప గింజను, కొన్ని ప్రాంతాలలో చిల్లగింజ అంటారు, కుండ లోపలి అంచున అరగదీసి బురద నీటిని తేర్చే పద్ధతి మన శాస్త్రంలో కతకం పేరుతో ఉన్నది. అది నిజంగా పని చేస్తుంది. తేట పడిన నీటిలో రోగక్రిములు మిగిలి ఉండవచ్చును కనుక, తేర్చిన తరువాత మరిగించి త్రాగడం శ్రేయస్కరం.

స్నానపు నీటి విషయంలో ఆ జాగ్రత్త కనిపించదు. పూర్వం పిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, మేనమామ గట్టున నిలబడి ఈత నేర్పేవాడు. ఆ మేనమామ ఇప్పుడు గట్టున కూర్చొని ఫోను చూస్తున్నాడు. ఏటిలో ఇసుక తవ్విన గోతులు నీటి కింద కనిపించవు. మోకాటి లోతున నడుస్తున్న పిల్లవాడు మరు అడుగులో మునుగుతాడు. పొలాలలో కొత్తగా తవ్విన పంటకుంటలకు ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. అందులో జారినవారికి పైకి ఎక్కడానికి కాలు నిలవదు. ఈత రాని పెద్దవారు దూకి తామూ మునిగిన దుర్ఘటనలు ప్రతి వేసవి పత్రికలలో చదువుతూనే ఉన్నాము. వెదురు గడ, చీర, తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరాలి. బయటకు తీసినవారిని తలక్రిందులుగా పట్టి త్రిప్పడం, కడుపు నొక్కడం తగదు. ఊపిరి లేనియెడల ముక్కు మూసి, నోటిలో నోరు ఉంచి ఐదుసార్లు ఊపిరి ఊది, ఛాతీ మధ్య నొక్కడం మొదలుపెట్టాలి. సహాయం అందేదాకా ఊదుతూ, నొక్కుతూ ఉండాలి.

రాత్రి వేళ

2016 మే నెలలో మా దగ్గరి బంధువుల ఇంట జరిగిన ఒక సంగతి వ్రాస్తున్నాను. హైదరాబాదు నుండి సెలవులకు వచ్చిన తొమ్మిదేళ్ళ బాలుడు పగలంతా తోటలో ఆడి, పనసతొనలు, ముంజలు కడుపునిండా తిని, రాత్రి తాతగారి పక్కన నడవాలో చాప మీద నిద్రించాడు. మూడు గంటల వేళ లేచి కడుపు నొప్పి అన్నాడు. పనసతొనలు అరగలేదని అమ్మమ్మగారు వాము నమిలించి వేడినీరు ఇచ్చారు. ఆ పరిస్థితిలో ఏ ఇంటి పెద్దయినా చేసే పని అదే. కొంతసేపటికి బాలుడు గొంతు పట్టేసింది, మింగుడు పడడం లేదు అన్నాడు. తల్లి టార్చి వెలుగులో ముఖం చూసింది. కనురెప్పలు వాలిపోయి ఉన్నాయి. "కళ్ళు తెరువు నాన్నా" అన్నది. "తెరుస్తున్నానమ్మా, రావడం లేదు" అన్నాడు.

ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, నొప్పి పుట్టే చోటు లేదు. పక్కింటి పెద్దాయన వచ్చి, పొరుగూరిలో పాము మంత్రం వేసే ఆయన ఉన్నాడు, తీసుకువెళదామన్నారు. తాతగారు అంగీకరించలేదు. "మంత్రం సంగతి రేపు చూద్దామన్నయ్యా, ముందు బండి తియ్యనీ" అన్నారట. తెల్లవారేలోగా ఆసుపత్రికి చేర్చారు. అక్కడ విషం విరిచే మందు ఎక్కించి, ఊపిరి ఆడని స్థితిలో నాలుగు రోజులు కృత్రిమ శ్వాస మీద ఉంచారు. బాలుడు బ్రతికాడు. ఇంటి దగ్గర నడవాలోని ధాన్యపు బస్తాలు జరిపి చూస్తే సందులో కట్లపాము కనిపించింది.

కట్లపాము స్వభావం ఇదే. రాత్రి తిరుగుతుంది, నేల మీద నిద్రించేవారిని కరుస్తుంది, కాటు దోమకాటు వలె తెలిసీ తెలియకుండా ఉంటుంది. మొదట కనిపించే లక్షణం చాలామారులు కడుపు నొప్పి, వాంతి. తరువాత రెప్పలు వాలడం, మాట ముద్దకావడం, మింగలేకపోవడం, చివరకు శ్వాస ఆగిపోవడం. సెలవులలో పల్లెకు వచ్చిన పిల్లవాడు అర్ధరాత్రి కడుపునొప్పితో లేచినప్పుడు వామును నేను వద్దనను. ఇస్తూనే దీపం తెచ్చి కళ్ళు చూడండి. రెప్పలు పూర్తిగా తెరుచుకోనియెడల ఇక గృహవైద్యంతో కాలయాపన చేయరాదు.

విషచికిత్సను ఆయుర్వేదం తన అష్టాంగాలలో ఒకటిగా పరిగణించింది. కాటుకు పైన కట్టు కట్టడాన్ని సుశ్రుతుడు చెప్పాడు. ఆ గౌరవంతోనే చెబుతున్నాను, నేడు ఆ కట్టు కట్టవద్దు. త్రాటితో బిగించిన కాలికి రక్తం అందక కుళ్ళిపోవడం, కట్టు విప్పగానే విషం ఒక్కసారిగా పైకి రావడం వైద్యులు ఎన్నోమార్లు చూశారు. కోయరాదు, పీల్చరాదు, పసరు పూయరాదు. కరచిన కాలును లేదా చేతిని కదలకుండా బద్దతో ఉంచి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర అనే నాలుగింటికి పని చేస్తుంది. పామును పట్టి తీసుకుపోవలసిన అవసరం లేదు. పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఊరు చేరిన రోజుననే, ఆ మందు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉన్నదో తెలుసుకొని ఉంచుకోవాలి.

నివారణ చాలా సులభం. నేల మీద కాక మంచం మీద పడుకోవాలి. దోమతెర కట్టి, అంచులను పరుపు కిందికి నాలుగు వైపులా దోపాలి. ఆ ఒక్క తెరతో దోమ, తేలు, కట్లపాము మూడూ దూరం అవుతాయి. వేపాకు పొగ వేసుకునేవారు ఉబ్బసం ఉన్నవారిని దూరంగా ఉంచాలి. చీకటిలో బయటకు వెళితే టార్చి, చెప్పులు తప్పనిసరి. చెప్పులను తొడిగే ముందు దులపాలి. తేలు కుట్టిన పిల్లలకు విపరీతంగా చెమటలు, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడడం కనిపిస్తే అదీ ఆసుపత్రి విషయమే.

కొండలకు వెళ్ళేవారికి

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున మంచు చూడాలని పసిపిల్లలను రాత్రి రెండింటికి లేపి తీసుకుపోతారు. చెవులు, ఛాతీ కప్పాలి. ఉబ్బసం ఉన్నవారు తమ పీల్చే మందును చేతిసంచిలో ఉంచుకోవాలి, కారు డిక్కీలోని పెట్టెలో కాదు. పాపికొండల విహారంలో, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయిన దుర్ఘటన తరువాత కూడ, ఫొటో బాగా రాదని ఈత చొక్కా విప్పేవారు ఉన్నారు. వారికి ఏ చూర్ణం వ్రాసేదో నాకు తెలియదు.

మన్యంలో దోమల వల్ల మలేరియా, పొదలలో, గడ్డిలో ఉండే చిన్న నల్లి పిల్లల కాటు వల్ల స్క్రబ్ టైఫస్ వస్తాయి. రెండవది పొలాల దగ్గర, తోటల దగ్గర కూడ రావచ్చు. గడ్డిలో నేరుగా పడుకోవడం మాని, దుప్పటి పరచుకోవాలి. తిరిగి రాగానే విడిచిన బట్టలను వేడినీటిలో ఉతికి, పిల్లలకు సబ్బుతో స్నానం చేయించాలి. ఊరి నుండి వచ్చిన మూడు వారాల లోపున జ్వరం వచ్చినయెడల రెండు రోజులకు మించి తులసి కషాయంతోనే సరిపెట్టకుండా వైద్యుని వద్దకు వెళ్ళండి. చంకలలో, గజ్జలలో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పెచ్చు ఉన్న మచ్చ కోసం వెదకండి. మచ్చ కనిపించినా కనిపించకపోయినా, ఏ ఊరు వెళ్ళివచ్చారో, ఎన్ని రోజులు ఉన్నారో అడగకముందే చెప్పండి. ఏ రక్తపరీక్ష చేయించాలో వైద్యునికి దాని వల్లనే తెలుస్తుంది.